ఆ పది ఎక్కడినుంచి వచ్చింది?

పోయిన నెల ఒక ఆదివారం మా మనవరాలి లెక్కల పుస్తకం తిరగేశాను. మూడో తరగతి చదువుతోంది. 52లోంచి 27 తీసేస్తే 35 అని వేసింది. అలాంటివే ఆరు లెక్కలు, ఆరింటికీ ఎర్ర సిరాతో కొట్టివేతలు. "ఇంత చిన్న లెక్క కూడా రాదుటే?" అని కసిరాను. ఎన్నో ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, అలా అనకూడదని నాకు తెలిసుండాలి. అది పుస్తకం మూసేసి, "నాకు లెక్కలు రావు నాయనమ్మా" అంది. ఎనిమిదేళ్ళ పిల్ల నోట ఆ మాట విని మనసు చివుక్కుమంది.

రాత్రి భోజనాలయ్యాక దగ్గర కూర్చోబెట్టుకుని, "ఎలా చేశావో చెప్పమ్మా" అన్నాను. "పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలిగా! ఏడులోంచి రెండు పోతే అయిదు, అయిదులోంచి రెండు పోతే మూడు" అంది. అంటే పరాకు కాదన్నమాట. తాను నమ్మిన పద్ధతిని ఆరు లెక్కల్లోనూ తప్పకుండా పాటించింది. బళ్ళో "బారో చెయ్యి" అన్నారు గానీ, పక్కనుంచి వచ్చేది ఒకటి కాదు, పది అని దానికి కళ్ళకు కట్టలేదు.

అగ్గిపుల్లలు తెచ్చి పదేసి చొప్పున అయిదు కట్టలు కట్టించాను. విడిగా రెండు పుల్లలు. "ఇందులోంచి నాకు ఇరవై ఏడు ఇయ్యి" అన్నాను. కాసేపు చూసి, తనే ఒక కట్ట విప్పింది. నాకివ్వాల్సినవి ఇచ్చి, మిగిలినవి చూసుకుంది. రెండు కట్టలు, అయిదు పుల్లలు. "ఇరవై అయిదు! అయితే నేను వేసింది తప్పే" అని నవ్వింది.

మన బెంగళూరులోనే 2000లో మొదలైన అక్షర ఫౌండేషన్ వారు కర్ణాటక ప్రభుత్వ పాఠశాలల్లో 'గణిత కలికా ఆందోలన' నడిపారు. కన్నడంలో ఆందోలన అంటే ఉద్యమం. మన ఇళ్ళలో లెక్కలంటే ఉన్నది మాత్రం ఆందోళనే! వారి పెట్టెలో పూసల చట్రం, పదుల దిమ్మెలు, ఉత్తుత్తి నోట్లు ఉంటాయి. పిల్లలు గుంపులుగా కూర్చుని ముందు చేత్తో చేస్తారు, తరవాత బొమ్మ వేస్తారు, ఆ పైనే అంకెలు. ప్రభుత్వ బళ్ళో చేయగలిగింది, ఫీజులు కట్టే బళ్ళో ఎందుకు చేయలేరు?

పేరెంట్స్ మీటింగుకి కోడలితో నేనూ వెళ్ళాను. రెండు సెక్షన్లుగా ఉన్న ఆ బడి ఇప్పుడు ఆరు సెక్షన్లయింది. టీచరమ్మ చిన్నపిల్ల. "మా క్లాసులో చాలామంది ఇలాగే వేస్తున్నారండీ. కానీ అన్ని సెక్షన్లకూ ఒకే రోజు టెస్టు. మళ్ళీ చెప్పడానికి పీరియడ్ లేదు" అంది. ఆమెను ఏమనగలం? వారానికో గంట మూడో తరగతి టీచర్లంతా పిల్లల పుస్తకాలు ముందు పెట్టుకుని, ఏ తప్పు ఎందుకు వస్తోందో మాట్లాడుకుంటే బాగుంటుందని ప్రిన్సిపాల్ గారితో అన్నాను. ఆలోచిస్తామన్నారు. మనలో పదిమంది అడిగితే ఆ ఆలోచన త్వరగా తెములుతుంది. మీటింగులో "మార్కులెందుకు తగ్గాయి?" అనే బదులు "మా వాడికి ఎక్కడ అర్థం కాలేదు?" అని అడిగి చూడండి.

ఇంకొక్క మాట. ఇంట్లో తెలుగులో లెక్కపెట్టించండి. "ఫోర్టీన్" అంటే నాలుగు ముందు వినబడుతుంది, కొందరు పిల్లలు 41 అని రాసేస్తారు. "పద్నాలుగు"లో పదే ముందుంది. ఇరవై ఒకటి, ముప్ఫై రెండు... పదులు ముందు, ఒకట్లు తరవాత, రాసే వరసలోనే.

మా మనవరాలు ఆ కట్టలను తన పెన్సిల్ డబ్బాలో దాచుకుంది. మీ పిల్లలు ఎలాంటి తప్పులు వేస్తున్నారో, ఎందుకలా వేశామంటున్నారో రాసి పంపండి. వచ్చే సంచికలో ముచ్చటించుకుందాం.