వడపోతలోనే అసలు తీర్పు

ఉగాది దగ్గర పడుతోందంటే గోదావరి జిల్లాల్లో కవితల పోటీలకు కొదవ ఉండదు. ఒకచోట గ్రంథాలయం వారు, మరోచోట కళాశాల తెలుగు శాఖ వారు, ఇంకోచోట యువజన సంఘం వారు ప్రకటనలు ఇస్తారు. ప్రకటన చివర ఒక వాక్యం తప్పక ఉంటుంది: న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం, వాదోపవాదాలకు తావులేదు. న్యాయనిర్ణేతలు పేరున్న పెద్దలే. వారి తీర్పు మీద పేచీ లేదు. పేచీ అంతా వారి చేతిదాకా వెళ్లని కవితల గురించే.

రెండు వందల కవితలు వస్తే పెద్దల ముందుకు వెళ్లేవి పదో పదిహేనో. మిగిలినవాటి సంగతి తేల్చేదెవరు? చాలాచోట్ల కార్యదర్శి, ఆయన మిత్రులిద్దరు ఒక సాయంత్రం కూర్చుని కట్ట విప్పుతారు. దస్తూరి బాగాలేదని కొన్ని, అక్షరదోషాలున్నాయని కొన్ని పక్కకు పోతాయి. నలభయ్యో కోయిల దగ్గరకు వచ్చేసరికి చదివేవారి ఓపిక హరించుకుపోతుంది. వారిని మరీ తప్పుపట్టనక్కరలేదు. మావిడి చిగురు, వేపపూత లేనిదే ఉగాది కవిత కాదని ఎవరు శాసించారో గాని, అందరూ దానికి కట్టుబడే రాస్తున్నారు. అయితే ఆ కట్ట అడుగున, దాళ్వాకు నీరందక ఎండిన చేను గురించి ఒక కౌలురైతు రాసిన పన్నెండు పంక్తులు ఉండవచ్చు. అక్కడి దాకా చదివేవారేరీ?

అత్తిలి దగ్గర తిరుపతిపురంలో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ 1952 ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి పొందింది. మొదట చదివినవారు దాన్ని పక్కన పెట్టి ఉంటే ఆ కథ న్యూయార్కు దాకా వెళ్లేదా?

భాష విషయంలో జరిగే అన్యాయం మరొకటి. ఊడ్పు, కళ్లం, పంటు, రేవు, కొబ్బరి దింపు వంటి మాటలు కనబడితే చాలు, అది కవిత్వ భాష కాదని పెదవి విరిచేవారు ఇంకా ఉన్నారు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారు పాలేరు బతుకును నాటకంగా రాసిన గడ్డ ఇది. ‘గుడిసెలు కాలిపోతున్నాయ్’కు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ సంగతి సభల్లో గొప్పగా చెప్పుకుంటాం గాని, కట్ట విప్పే వేళకు గుర్తు రాదు.

పద్యాన్ని, వచన కవితను ఒకే కుప్ప పోసి ఒకే తూకంతో తూచడం కూడా సరికాదు. యతి తప్పిందని పద్యాన్ని తీసేసినవారు, పక్కనే ఉన్న వచన కవితను దేనితో కొలుస్తారు? తణుకు వాసి బాలగంగాధర తిలక్ పద్యమూ రాశారు, వచన కవితా రాశారు. రెంటినీ ఒకే కొలతతో చూడలేం. ఇక ఇరవై పంక్తులకు తగ్గరాదనే నిబంధన పెడితే కాకినాడ ఇస్మాయిల్ గారి చిన్న కవితలు ప్రాథమిక పరిశీలనలోనే ఆగిపోయేవి.

కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వారు, యండగండిలో పుట్టిన తిరుపతిశాస్త్రి గారు జంటగా అవధానాలు చేసిన రోజుల్లో సమస్య ఇచ్చినా, పూరణ చెప్పినా సభలోనే. బాగున్నా బాగులేకున్నా నలుగురి ఎదుటే తేలేది. ఇప్పటి వడపోత తలుపు మూసిన గదిలో జరుగుతోంది. కవిత మీద పేరు రాయరాదని నిబంధన ఉంది, నిజమే. కవరు విప్పేవారు, కవిత చదివేవారు ఒకరే అయినప్పుడు ఆ నిబంధనకు అర్థమేముంది? వాట్సాప్‌లో వచ్చే కవితకైతే పంపినవారి ఫొటో కూడా ముందే కనపడుతుంది.

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. కవరు విప్పి, అంకె వేసి, పేరు చీటీ దాచే పని ఒకరికి అప్పగించాలి. చదివే పని వేరే ఇద్దరిది. ఒకరు చదివింది మరొకరు విడిగా చదవాలి. ఇద్దరిలో ఏ ఒక్కరు ఉంచమన్నా ఆ కవిత పెద్దల ముందుకు వెళ్లాలి. కార్యవర్గ సభ్యుల పిల్లలు పోటీకి రాసిన ఏడాది ఆ సభ్యులు వడపోతకు దూరంగా ఉండడం మర్యాద. తుది పరిశీలనకు ఎంపికైన కవితల అంకెలను, వాటిని ఎంచినవారి పేర్లను గ్రంథాలయం గోడ మీద అంటించాలి. రానివాటిని రాసినవారికి కారణం తెలుపుతూ ఒక కార్డు ముక్క వేసినా చాలు. ఈ ఉగాదికి ప్రకటన ఇచ్చే నిర్వాహకులు బహుమతి మొత్తంతో పాటు ఈ ఏర్పాట్లను కూడా అందులోనే ప్రకటించాలి.