నిదానమే ప్రధానం

వస్తువు చెడిపోతే కారణం వెదకడం ఒక పద్ధతి. భాగాన్ని మార్చివేయడం మరొక పద్ధతి. నేడు రెండవదే రాజ్యమేలుతున్నది. దీనివలన ధనం వృథా కావడం అటుంచి, ఆలోచించే అలవాటే అంతరించిపోతున్నది. ఈ సత్యాన్ని బోధించడానికి పాత కారును మించిన గురువు లేదు.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్ అర్ధశతాబ్దికి పైగా మన రహదారులపై తిరిగింది. 2014లో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. కార్బురేటరు అమర్చిన తొలితరాల అంబాసిడరులో కంప్యూటరు లేదు. మెకానిక్కు కళ్లు, చెవులు, వేళ్లే అతని పరీక్షా సాధనాలు.

పెట్రోలు ఇంజను నడవాలంటే మూడు అంశాలు సమకూడాలి. పెట్రోలు, గాలి తగిన పాళ్లలో కలవాలి. ఆ మిశ్రమం సిలిండరులో అణగాలి. సరియైన క్షణంలో నిప్పురవ్వ పుట్టాలి. వీటిలో లోపించినదేదో తేల్చడమే మరమ్మతులో తొలి మెట్టు. తాళం తిప్పినప్పుడు ఇంజను నీరసంగా కదిలి, దీపాలు మసకబారితే బ్యాటరీని అనుమానిస్తాం. కాని ఒక్కొక్కసారి దాని ధ్రువాలపై పేరుకొన్న తెల్లని పొడియే విద్యుత్తును అడ్డగిస్తుంది. శుభ్రపరచి బిగిస్తే చాలినచోట కొత్త బ్యాటరీ కొనడం అవివేకం. స్పార్కు ప్లగ్గుకు నల్లని పొడిమసి పట్టితే పెట్రోలు పాలు మించినదని సాధారణంగా గ్రహించవచ్చు. కార్బురేటరును సరిచేయక ప్లగ్గును మార్చితే కొత్తదానికీ ఆ మసియే పడుతుంది.

ఇంజను వేడెక్కినప్పుడు రేడియేటరులో నీరు తగ్గినదా, ఫ్యాను బెల్టు సడలినదా, థర్మోస్టాటు తెరుచుకొనకున్నదా అని వరుసగా విచారించాలి. అయితే అది చల్లబడేవరకు మూత తీయరాదు. ఒత్తిడికి లోనైన నీరు నూరు డిగ్రీలు దాటినా మరగక నిలిచి, మూత తెరవగానే ఆవిరితో ఎగజిమ్ముతుంది. తొందరపాటుకు కాలిన చేతులే ఫలితం.

ఆయుర్వేదంలో రోగకారణానికి 'నిదానం' అని పేరు. వాడుకలో ఆ మాటకు తొందరపడకపోవడమని అర్థం. 'నిదానమే ప్రధానం' అన్న లోకోక్తి ఈ రెండర్థాలలోనూ మెకానిక్కుకు వర్తిస్తుంది.

పాత వాహనాలు కాలుష్యాన్ని పెంచుతాయి కదా అని కొందరు ఆక్షేపిస్తారు. అది కాదనరానిది. సొంత కారుకు 15 ఏళ్లు నిండిన తరువాత సామర్థ్య పరీక్ష జరిపించి రిజిస్ట్రేషనును పునరుద్ధరించుకోవాలని చట్టం నిర్దేశిస్తున్నది. చట్రం తుప్పుపట్టిన బండిని మమకారంతో నడపడం ప్రాణాపాయం. కాని బాగుచేయదగినదేదో, విడిచిపెట్టదగినదేదో నిర్ణయించడానికైనా కారణజ్ఞానం కావాలి కదా!

నేటి కార్లలో కంప్యూటరు లోపసంకేతాన్ని చూపుతుంది. లోపం ఎక్కడ బయటపడినదో అది చెప్పగలదు. ఎందుకు కలిగినదో తేల్చవలసినవాడు మానవుడే.

2022లో కేంద్ర ప్రభుత్వం 'మరమ్మతు హక్కు'పై ఒక సంఘాన్ని నియమించి, మోటారు వాహనాలను కూడ దాని పరిశీలనలో చేర్చింది. ఇది హర్షణీయం. అయితే బాగుచేయగలవారు లేనినాడు ఆ హక్కు అలంకారప్రాయమే అవుతుంది. చమురు అంటిన చేతులను చిన్నచూపు చూసే సమాజం ఆ చేతులలోని శాస్త్రాన్ని కూడ పోగొట్టుకుంటుంది. కనుక ఏ చదువు చదివే విద్యార్థి అయినా ఒక్క యంత్రాన్నైనా విప్పి, లోపాన్ని కనిపెట్టి, తిరిగి బిగించడం నేర్వాలి. కారణాన్ని అన్వేషించే ఆ అలవాటు జీవితంలో ప్రతి సమస్యకూ అక్కరకు వస్తుంది.