పొలమారుట

భోజనవేళ నెవరికైనను పొలమారినచో, ‘ఎవరో తలచుకొనుచున్నారు’ అని నడినెత్తిన తట్టి గ్రుక్కెడు నీళ్లిచ్చుట మన యిండ్ల వాడుక. ఎప్పుడో యొకసారి యైనచో భయపడ నక్కఱలేదు. కాని యింటి పెద్దలకు దినదినమును పొలమారుచున్న యెడల, దానిని ముసలితనమని త్రోసివేయరాదని సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

గొంతులో అన్నవాహికయు వాయునాళమును ప్రక్కప్రక్కనే యున్నవి. మ్రింగునపుడు వాయునాళద్వారము మూసికొని, శ్వాస క్షణకాలము నిలుచును. వయసు మీఱినకొలది ఈ పని మందగించును. పక్షవాతము, పార్కిన్సన్ వణుకు, మతిమరుపు వ్యాధి గలవారిలో మఱింత చెడును. అప్పుడు అన్నమును నీరును ఊపిరితిత్తులలోనికి జాఱి న్యుమోనియా కలుగవచ్చును. కొందఱికి దగ్గు రాకుండగనే యిట్లు జరుగును.

ఈ బాధ మొదట తెలియునది వడ్డించువారికే. భోజనానంతరము గొంతు గురగురలాడుట, ముద్ద బుగ్గలో నిలిచిపోవుట, మాటిమాటికి జ్వరము వచ్చుట, బరువు తగ్గుట దీని గుర్తులు. అత్తగారు ‘ఆకలి లేదమ్మా’ అని కంచము ముందునుండి లేచిపోవుట అలుక కాకపోవచ్చును; నలుగురిలో దగ్గవలసివచ్చునను సిగ్గు కావచ్చును.

నీళ్లు త్రాగునపుడు కష్టమా, లేక అన్నము రొమ్ములో అడ్డుపడుచున్నదా యని గమనించి వైద్యునకు చెప్పవలెను. మొదటిది తఱచుగా గొంతు కండరముల దోషము. రెండవది అన్నవాహిక యిఱుకగుటవలన రావచ్చును. రాచపుండు వలనను రావచ్చును గనుక జాగు చేయరాదు. బేరియము కలిపిన ఆహారమును మ్రింగించి ఎక్స్‌రేతో చూచుట యొక పరీక్ష. ముక్కుగుండ సన్నని ఎండోస్కోపు పంపి గొంతును చూచుట మఱియొకటి. ఈ రెండవదానిని 1988లో మొదట వర్ణించిరి. అన్నవాహికను నోటిగుండ ఎండోస్కోపుతో చూతురు. ఇఱుకైన చోటును వెడల్పు చేయుదురు. గొంతు కండరములకు స్పీచ్ థెరపిస్టులు అభ్యాసములు నేర్పుదురు.

ఇంట చేయదగినవి కొన్ని గలవు. పెద్దలను నిటారుగా కూర్చుండబెట్టి, ఒక ముద్ద దిగిన పిమ్మటనే మఱియొకటి పెట్టవలెను. పడుకొన్నవారి నోట నీళ్లు పోయరాదు. తిన్న పిమ్మట అరగంట కూర్చుండనీయవలెను. పలుచని మజ్జిగలో తేలు మెతుకులకంటె మెత్తగా కలిపిన పెరుగన్నము సులువుగా దిగును. పూటపూటకు నోరు శుభ్రపఱుపవలెను. నీటిని చిక్కపఱచుట, గడ్డము వంచి మ్రింగుట అందఱికిని సరిపడవు. పరీక్షించినవారి సలహాపైననే చేయవలెను. మాత్రలను నూఱుటకు ముందును వారినే యడుగవలెను.

అన్నిటికంటె ముఖ్యము, తొందరపెట్టకుండుట. పెద్దలు తినుట ముగించువఱకు ఇంటిలో నొకరు ప్రక్కన కూర్చుండినచో, వారికి అన్నము వంటబట్టును. మనకు వారి బాధ తెలియును.