పొగలోనూ ఎక్కువ తక్కువలా?

మొన్న మా రాయగడ ఇంట్లో మేనల్లుడు మెస్కల్ సీసా విప్పాడు. అరవై మిల్లీలీటర్ల మెస్కల్, అంతే గ్రేప్‌ఫ్రూట్ రసం, కాస్త నిమ్మరసం, గ్లాసు అంచుకు ఉప్పు. "ఆ పొగవాసన చూడు మామయ్యా!" అన్నాడు. చూశాను. బాగుంది, కాదనను.

కాని ఆ పొగ ఎక్కడిది? మెక్సికో రైతులు ఏళ్ల తరబడి పెరిగిన కిత్తనార మొదళ్లను గోతిలో, కాలిన రాళ్లమీద పేర్చి, మట్టికప్పి, రోజుల తరబడి మగ్గబెడితే వచ్చింది. అదీ పల్లెసారాయే! ఆ దేశం 1994లో మెస్కల్ పేరుకు చట్టరక్షణ కల్పించింది.

మరి మన ఇప్పసారా? 1892లో బొంబాయి ప్రెసిడెన్సీలో తెల్లదొరలు ఇప్పపువ్వు నిల్వపైనే ఆంక్షలు పెట్టారు. దొరలు పోయారు, చీదరింపు మిగిలింది. కొండవాళ్ల ఇప్పసారా మాటెత్తితే మా వాడు ముక్కు మూసుకుంటాడు.

తాగుడును నేను వెనకేసుకురావడం లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడటం న్యాయమే. అయితే తప్పు తాగుడుదైతే రెండు గ్లాసులకూ ఒకే తీర్పు ఉండాలి గదా!

అన్నట్టు, గ్రేప్‌ఫ్రూట్ పంపరపనసకూ నారింజకూ పుట్టిన సంకరమే. మా పెరట్లో పంపరపనసలు రాలి కుళ్లుతున్నాయి. వాడు మాత్రం ఆ పండ్లకోసం విశాఖ దాకా వెళ్లొచ్చాడు.