ఎవరికి గిట్టుబాటు?

ముందు నా తప్పు ఒప్పేసుకుంటాను. పోయినేడాది 240 రూపాయలు పెట్టి ఓ చిన్న గేమ్ కొన్నాను. గంటన్నరలో అయిపోయింది. చివర్లో కళ్ళు చెమర్చాయి కూడా. అవి తుడుచుకుని రీఫండ్ అడిగాను, వచ్చేసింది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడితే డబ్బు వెనక్కిచ్చేయడం స్టీమ్ నియమం. నేను నియమం తప్పలేదు. కానీ విస్తరి ఖాళీ చేసి, భోజనం డబ్బులు వెనక్కిమ్మన్నాను.

నాలాంటివాళ్ళు పోగైతే ఏమవుతుందో 2021లో చూశాం. 'సమ్మర్ ఆఫ్ 58' రెండు గంటల్లోపే ముగిసే హారర్ గేమ్. బాగుందని మెచ్చుకుంటూనే రీఫండ్ తీసుకునేవాళ్ళు ఎక్కువైపోయారని, ఇక కొంతకాలం గేములు చెయ్యబోమని దాన్ని తయారుచేసినవాళ్ళు ప్రకటించారు.

జబ్బు మన కొలతలో ఉంది. గేమ్ అయితే గంటకెంత, పుస్తకమైతే పేజీకెంత! "వంద పేజీలకి నూట యాభయ్యా?" అని బుక్ ఫెయిర్‌లో మూతి విరిచేది మనమే. ఆ లెక్కన కథ కన్నా నవల గొప్పది, నవల కన్నా నిఘంటువు గొప్పది.

అసలు లెక్క చూద్దాం. హైదరాబాద్‌లో ఒక మనిషి ఉద్యోగం మానేసి రెండేళ్ళు కూర్చుని గేమ్ చేశాడనుకోండి. నెలకి 50 వేలు వేసుకున్నా 12 లక్షలు. ధర 250 పెడతాడు. మనం కొనం, విష్‌లిస్ట్‌లో పడేసి సేల్ కోసం కాచుక్కూచుంటాం. సగం ధరకి, 125కి కొంటాం. స్టీమ్ వాటా 30 శాతం పోతే మిగిలేది 87 రూపాయల చిల్లర. పన్నులు పక్కన పెట్టినా, పెట్టిన జీతం రాబట్టుకోడానికే దాదాపు 13,700 మంది కొనాలి. 2024 ఒక్క ఏడాదిలో స్టీమ్‌లోకి వచ్చిన గేములు 18 వేలకు పైనే. వాటి మధ్య ఇతన్ని ఎవరు చూస్తారు?

ఆ వాటా సంగతి ఇంకా విడ్డూరం. అమ్మకాలు కోటి డాలర్లు దాటితే ఆపైన 25 శాతం, 5 కోట్లు దాటితే 20 శాతమే. పెద్దోడికి రాయితీ, చిన్నోడికి పూర్తి వాత! ఇచ్.ఐఓలో ఆ వాటా ఎంతో అమ్మేవాడే నిర్ణయించుకోవచ్చు, సున్నా అయినా సరే. అంటే వేరే దారి లేక కాదు.

"వాంపైర్ సర్వైవర్స్ మూడు డాలర్లకే అమ్మి గెలిచిందిగా?" అంటారు. గెలిచింది. లాటరీ తగిలినవాణ్ణి చూపించి ఉద్యోగాలు మానెయ్యమంటామా? 2025లో 'సిల్క్‌సాంగ్' 20 డాలర్లకే వచ్చిందంటే, దాని ముందు గేమ్ కోటిన్నర కాపీలు అమ్ముడైన ధీమా ఉంది. ఆ ధీమా లేనివాణ్ణి కూడా అదే ధరతో పోల్చి బేరమాడటం అన్యాయం.

ధరలు పెంచమనట్లేదు. మన దేశంలో స్టూడెంట్లకి 250 కూడా ఎక్కువే, వాళ్ళు సేల్ దాకా ఆగితే నేను తప్పుపట్టను. నా గొడవ నాలాంటి జీతగాళ్ళతో. వారాంతం బిర్యానీకి 400 పెట్టి, రెండేళ్ళ పనికి 125 ఎక్కువనే వాళ్ళతో.

ఆ గేమ్ మళ్ళీ కొన్నాను, సేల్ లేని రోజు చూసి. మంచితనమేం కాదు, పాత బాకీ. మీకూ ఉంటే తీర్చెయ్యండి.