గెలిచాక చెప్తామంటే కుదరదు



ఓట్ల కాలం వస్తే కోనసీమ పేటల్లోకి వచ్చే అభ్యర్థులందరిదీ ఒకటే పాట. "ముందు గెలిపించండి, తర్వాత నేను చూసుకుంటాను." ఏం చూస్తాడు, ఎప్పటిలోగా, ఏ డబ్బుతో అని అడిగితే వెంట వచ్చిన పెద్దలు మనల్నే కసురుతారు. మన కుర్రాళ్లలో కొందరు ఇది తెలివైన పనే అంటున్నారు. అన్నీ ముందే చెప్తే అవతలి కులాల ఓట్లు పోతాయట, గెలిచాక చేయించుకోవచ్చట. నాకిది మింగుడుపడదు.

బాబాసాహెబ్ అలా చెయ్యలేదు. 1951లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ మేనిఫెస్టోలో ఏం చేస్తారో రాసి ఊరుకోలేదు, డబ్బు ఎక్కణ్ణించి తెస్తారో కూడా రాశారు. సైన్యం ఖర్చు తగ్గిస్తాం, ఉప్పు పన్ను మళ్లీ వేస్తాం, మద్యనిషేధం ఎత్తేస్తాం, బీమాను జాతీయం చేస్తాం అని. దండి యాత్ర జరిగి ఇరవయ్యేళ్లే అయింది. ఆ దేశంలో ఉప్పు పన్ను అని కాగితం మీద పెట్టడానికి ఎంత గుండె కావాలి! 1952 ఎన్నికల్లో ఉత్తర బొంబాయిలో ఆయన ఓడిపోయారు. "చూశారా" అంటారు మీరు. అవును, ఓడిపోయారు. కానీ ఆయన్ని కాదన్నవాళ్లకి దేన్ని కాదంటున్నారో తెలుసు.

చెప్పకుండా చేస్తే ఏమవుతుందో మనం అమలాపురంలోనే చూశాం. పార్లమెంటు నియోజకవర్గాన్ని ఒక జిల్లా చేస్తామని 2019లో వైసీపీ హామీ ఇచ్చింది. మన జిల్లాకి ఏ పేరో చెప్పలేదు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా వచ్చింది. మే 18న అంబేద్కర్ పేరు చేరుస్తామని ప్రకటించి, అభ్యంతరాలకి 30 రోజులు గడువిచ్చారు. మే 24న మంత్రి విశ్వరూప్ గారి ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ గారి ఇల్లు తగలబడ్డాయి. పార్టీలు ఒకదాని మీద ఒకటి నెపం తోసుకున్నాయి. జూన్‌లో మంత్రివర్గం పేరును ఖాయం చేసింది, సంతోషం. ఆ పేరు 2019లోనే మేనిఫెస్టోలో ఉండుంటే? వద్దనేవాళ్లు ఆనాడే మైకు ముందు చెప్పాల్సి వచ్చేది. ఆ పేరు చూసి ఓటేసిన జనం దాని వెనక నిలబడి ఉండేవాళ్లు. దాచిపెట్టినందుకు ఆ మంట పేటల దాకా పాకుతుందేమోనని భయపడింది మనమే.

మన సీట్ల కథ వేరు. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం ఎస్సీ రిజర్వుడు. నిలబడేది మనవాడే, కానీ టికెట్ ఇచ్చేదీ, గెలుపు తేల్చేదీ వేరేవాళ్లు. 1932 పూనా ఒప్పందం నుంచి ఇదే పీట. మన అభ్యర్థి శ్మశానం జాగా, లంక భూములు అని వివరంగా మాట్లాడితే మరుసటిసారి టికెట్ ఉండదేమోనని భయం. ఆ భయం నాకర్థమవుతుంది. కానీ అతను నోరు మూసుకుంటే మనం నిలదీయడానికి కూడా ఏమీ మిగలదు. 2019లో జనసేన రాష్ట్రం మొత్తంలో గెలిచిన ఒకే ఒక్క సీటు రాజోలు. ఆ ఎమ్మెల్యే తర్వాత అధికార పక్షం వైపు నడిచారు. చేతిలో రాసిచ్చిన కాగితం లేనప్పుడు ఏ మాట తప్పారని అడుగుతాం?

హామీకి డబ్బు దారి కూడా స్థూలంగా చూపాలని ఎన్నికల సంఘం నిబంధనల్లో ఉంది, 2013 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వచ్చింది. ఎవరు పట్టించుకుంటున్నారు? అదే 2013లో సబ్‌ప్లాన్ చట్టం కూడా వచ్చింది. అందరికీ ఇచ్చే పథకంలో మనవాళ్లకి అందినదాన్ని లెక్కగట్టి సబ్‌ప్లాన్ ఖర్చు అంటారు. మేనిఫెస్టోలో "దళితుల సంక్షేమం" అన్న రెండు ముక్కలుంటే చాలు, ఈ లెక్క ఎలాగైనా తిప్పొచ్చు.

అందుకని తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి అభ్యర్థి మీ పేటకి వస్తే దండ వెయ్యకముందే అడగండి. సబ్‌ప్లాన్ డబ్బు పేటలో దేనికి పెడతావు? శ్మశానానికి ఏ సర్వే నంబరు? బాలయోగి గారి కాలంలో 2000లో మొదలైన కోటిపల్లి-నరసాపురం రైలుకి రాష్ట్రం వాటా ఏ బడ్జెట్లో పెట్టిస్తావు? జవాబు రాయించి, సంతకం పెట్టించి, ఫోన్లో ఫొటో తీసుకోండి. సంతకం పెట్టనన్నవాళ్ల సంగతి కూడా రాసి పెట్టుకోండి.

సబ్‌ప్లాన్ లెక్కల గురించి వచ్చే భాగంలో.