వెండి గిన్నె వెనుక వ్రాత

బంగారు గనుల ఊళ్లో కూర్చుండి వెండిని గూర్చి వ్రాయడమేమిటని పాఠకులు నవ్వుకోవచ్చును. కాని మన కోలారు బంగారం ఏనాడూ ఒంటరిగా రాలేదు. రాతిని పిండిచేసి సైనైడు నీటిలో కలిపినప్పుడు బంగారంతోపాటు రాతిలోని కొద్దిపాటి వెండి కూడా కరిగి వచ్చేది. ఆ రెండూ ఊరు దాటిపోయినవి. మన బీరువాలలో ఉన్న వెండి వేరు. అది వేరే దారుల వచ్చింది. ఈ నెల ఆ దారులను గూర్చి, ఆ వెండిని వాడుకొనే తీరును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొందాము.

మొదటి దారి మనందరికీ తెలిసినదే. అమ్మాయి అత్తవారింటికి వెళ్లేటప్పుడు కుంకుమ భరిణె, పంచపాత్ర, ఉగ్గుగిన్నె వెంట వచ్చేవి. రెండవది దొరల బంగళాల దారి. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇక్కడ పని చేపట్టిన తరువాత మన ఊరికి చిన్న ఇంగ్లాండని పేరు వచ్చింది గదా. ఆ బంగళాలతోపాటు టీ కూజాలు, పాల జగ్గులు, చెంచాలు కూడా సీమ నుండి వచ్చినవి. 1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చినవి. దొరలు వెళ్లిపోతూ కొన్ని సామానులు అమ్మినారు, కొన్ని ఇంట పనిచేసినవారికి ఇచ్చినారు. రాబర్ట్‌సన్‌పేటలోనూ, ఆండర్సన్‌పేటలోనూ కొన్ని ఇండ్లలో అటువంటివి మేము కన్నులారా చూచినాము.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. జీతం ఆగిపోయిన ఇంటిలో ముందుగా కదిలేది వెండే. దానిని తప్పు పట్టడానికి ఎవరికీ అధికారం లేదు. అయితే అంగడిలో త్రాసు మీద పెట్టినప్పుడు నూరేండ్ల నాటి చెంచాకూ, నిన్నటి వంకరపోయిన పట్టీకీ ఒకటే లెక్క. తూకం చూస్తారు, తరుగు తీస్తారు, కరిగిస్తారు. అమ్మడం అమ్మకపోవడం ఎవరి అవసరం వారిది. అమ్మేది ఏమిటో తెలిసి అమ్మాలన్నదే మేము చెప్పదలచినది.

తెలుసుకొనుటకు కావలసినది ఒక భూతద్దం, పగటి వెలుతురు. చెంచా అయితే కాడ వెనుక, గిన్నె అయితే అడుగున చిన్న చిన్న ముద్రలు ఉంటవి. ప్రక్కకు తిరిగి ఒక కాలెత్తి నడుస్తున్న సింహం ఉన్నదంటే అది ఇంగ్లాండులో పరీక్ష చేసిన స్టెర్లింగు వెండి. అనగా వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, తక్కినది చాలావరకు రాగి. అచ్చమైన వెండి మరీ మెత్తన. రాగి కలిపితే గాని చెంచా వంగకుండా నిలువదు. ఈ సింహం 1544 నుండి వస్తున్నది. దాని ప్రక్కన చిరుతపులి తల ఉంటే లండను, లంగరు ఉంటే బర్మింగ్‌హాం, కిరీటం ఉంటే షెఫీల్డు. షెఫీల్డువారు 1975 నుండి కిరీటానికి బదులు గులాబీ వేస్తున్నారు. ఒక అక్షరం ఉంటుంది, అది ఏ సంవత్సరమో చెప్పుతుంది. ఇంకా చేసినవారి పేరు పొడి అక్షరాలు. రాజుగారి తలో, రాణిగారి తలో కూడ ఉన్నదంటే సుంకం కట్టినట్లు గుర్తు. సామాన్యంగా అది 1784కూ 1890కీ నడుమ చేసిన వస్తువు.

ఇక్కడ ఒక మోసం కలదు. ఇ.పి.ఎన్.ఎస్. అని నాలుగు అక్షరాలు నాలుగు గడులలో వేసి ఉంటవి. చూచుటకు అచ్చం ఆ ముద్రలవలెనే కనబడతవి. అది వెండి కాదు, వెండి పూత. 1840లో బర్మింగ్‌హాంలో ఎల్కింగ్‌టన్‌వారు విద్యుత్తుతో పూత వేసే పనికి హక్కు పొందిన తరువాత ఇటువంటివి వెల్లువగా వచ్చినవి. లోపల ఉన్నది రాగి, నికెలు, తుత్తునాగం కలిపిన లోహం. మన పేరంటాలలో పంచిపెట్టే జర్మన్ సిల్వరు కుంకుమ గిన్నెలు సాధారణంగా ఈ జాతివే. పేరులో తప్ప వాటి లోహంలో వెండి లేదు.

సింహం లేనిదంతా నాసి అనుకోరాదు. మన దేశంలో ఆనాడు అటువంటి పరీక్షశాలలు లేవు. మదరాసు ఓర్ కంపెనీవారు దేవతామూర్తులను ఉబ్బెత్తుగా చెక్కి చేసిన స్వామి పని వెండికి పెద్ద పేరు. దానిమీద వారి పేరే ముద్ర. మన కంసాలులు పాత రూపాయలను కరిగించి గిన్నెలు చేసేవారు. విక్టోరియా కాలం నుండి 1939 వరకు వచ్చిన రూపాయి ఒక తులం తూకం, పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. అంటే స్టెర్లింగుకు ఇంచుమించు సమానం. 1940 నుండి అందులో వెండి సగానికి తగ్గింది. 1947 నాటి రూపాయి నికెలు. ఈ మాట రూపాయలు అమ్మేవారు గుర్తుంచుకోవలెను.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉన్నది. మనుమరాలి కాలేజీ ఫీజుకు గడువు దగ్గరపడితే, మూటవిప్పి మా ముందు పెట్టింది. బరువైన పాల జగ్గు ఒకటి, టీ చెంచాలు ఆరు, వంకరపోయిన పట్టీలు, జార్జి రూపాయలు ఇరవై. ఆమె ఆశంతా జగ్గు మీద. తిప్పి చూస్తే ఆ నాలుగు అక్షరాలే. చెప్పడానికి మాకు నోరు రాలేదు. చెంచాలకు మాత్రం సింహం, లంగరు ఉన్నవి. ఆరూ కలిపి తొంభై గ్రాములు. వాళ్ల మామగారు బంగళాలో వంట చేసినప్పుడు దొరసాని ఇచ్చినవట.

“జగ్గుకు ఏమీ రాదా నాయనా?” అన్నది.

“రాదు పెద్దమ్మా. మజ్జిగకు పెట్టుకో.”

కొంతసేపు ఊరకున్నది. “పట్టీలూ రూపాయలూ ఎక్కడైనా దొరుకుతవి. ఈ చెంచాలు మళ్లీ రావు” అని వాటిని కొంగున చుట్టుకొన్నది. పట్టీలు, రూపాయలు అంగడికి వెళ్లినవి. ఫీజుకు అది చాలలేదు. తక్కినదానికి కొడుకు ఆఫీసు సహకార సంఘంలో అప్పు తీసుకొన్నాడు. ఆ అప్పు ఇంకా తీరుస్తున్నాడు. ఆమె చేసినదే ఒప్పని మేము అనము. ఏది పోతున్నదో, ఏది మిగులుతున్నదో ఎరిగి చేసింది, అంతే.

మిగుల్చుకొన్నదానిని మూటగట్టి పెట్టవద్దు. గాలిలోని గంధకం తగిలి వెండి నల్లబడుతుంది. రోజూ వాడి, కడిగి, వెంటనే తుడిచిన చెంచా సులభంగా నల్లబడదు. కోడిగ్రుడ్డులో గంధకం ఉన్నది గనుక ఆ చెంచాను అప్పుడే కడగవలెను. ఉప్పు, ఊరగాయ వెండిలో నిలువ ఉంచరాదు, గుంటలు పడతవి. దొరల ఉప్పు గిన్నెలలో నీలం గాజు గిన్నె ఇమిడ్చి ఉండేది అందుకే. తోముటకు ఇసుక, కొబ్బరిపీచు, పళ్లపొడి పనికిరావు. గోరువెచ్చని నీరు, మెత్తని సబ్బు, పాత పంచె గుడ్డ చాలును. బాగా నల్లబడితే అల్యూమినియం గిన్నెలో వేడినీరు, వంటసోడా వేసి కొద్దిసేపు ముంచితే నలుపు వదలుతుంది. కాని చెక్కడపు పని ఉన్నవాటికి ఇది వద్దు. గాడులలోని నలుపు పోతే బొమ్మ వెలవెలబోతుంది. వెండి పిడి కత్తులను కూడా వేడినీట ముంచరాదు. పిడిలో లక్కవంటి పదార్థం నింపి ఉంటుంది, అది కరిగి పిడి ఊడుతుంది. దాచేటప్పుడు రబ్బరు పట్టీ వేయవద్దు, ఉన్నిగుడ్డలో చుట్టవద్దు. ఉతికిన నూలుగుడ్డ మేలు.

ఇంకొక్క మాట. సింహం ఆ చెంచా ఎక్కడ పుట్టిందో చెప్పుతుంది గాని, మన ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పదు. ఎవరు తెచ్చినారు, ఎవరికి దానితో ఉగ్గు పోసినారు, ఏ కష్టంలో కూడా అమ్మక నిలుపుకొన్నారు అన్నది ఒక చీటీమీద వ్రాసి ఆ గుడ్డలోనే ఉంచండి. అక్కచెల్లెండ్ల నడుమ పంపకాలు వచ్చిననాడు ఆ చీటీ చాలా తగవులు తీర్చగలదు.

ముద్రలు పోల్చుకోలేనివారు వస్తువును సంఘానికి తీసుకొని వస్తే కలిసి చూద్దాము. భూతద్దం మా వద్ద ఉన్నది.